కోతుల కోసం రైతుల గడప తొక్కారు

అడవిని కాపాడాలంటే ముందు జనాన్ని బయటికి పంపాలి, కంచె వెయ్యాలి, గార్డుల్ని పెట్టాలి... మనలో చాలామందికి తెలిసిన పద్ధతి ఇదే. మరి అడవి చాలావరకు రైతుల పట్టా భూముల్లోనే ఉంటే? బ్రెజిల్‌లో సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. ఆ కథ మనకీ పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

గోల్డెన్ లయన్ టామరిన్ అని ఒక బుల్లి కోతి. బరువు అరకేజీ పైచిలుకు, బంగారు రంగు, మొహం చుట్టూ సింహంలా జూలు. ప్రపంచం మొత్తమ్మీద దాని సొంత ఊరు రియో డి జనీరో రాష్ట్రంలోని అట్లాంటిక్ అడవి ఒక్కటే. ఆ అడవిని చెరకుకీ, కాఫీకీ, పశువుల మేతకీ, బొగ్గుకీ నరుకుతూ పోతే చివరికి పచ్చిక బీళ్ల మధ్య ముక్కలు ముక్కలుగా మిగిలింది. 1970ల మొదట్లో అడెల్మార్ కోయింబ్రా-ఫీల్యో అనే శాస్త్రవేత్త, ఈ కోతులు కొన్ని వందలే మిగిలాయని హెచ్చరించాడు. 1974లో పోసో దాస్ అంతాస్ అనే రిజర్వు పెట్టారు. బాగానే ఉంది. కానీ దాని విస్తీర్ణం దాదాపు 5 వేల హెక్టార్లు. ఒక్కో కోతి కుటుంబానికి 40, 50 హెక్టార్లు కావాలి. లెక్క మీరే వేసుకోండి, మహా అయితే వందో, నూట పాతికో కుటుంబాలు! మిగతా అడవంతా ఎవరి చేతిలో ఉంది? పక్కనున్న రైతుల చేతిలో.

1983లో డెవ్రా క్లైమన్, లూ ఆన్ డైట్జ్ లాంటివాళ్లు స్థానికులతో కలిసి పని మొదలుపెట్టారు. వాళ్లు చేసిన మంచి పనేంటంటే, ఉపన్యాసాలు దంచకుండా ముందు సర్వే చేశారు. ఈ కోతి గురించి మీకేం తెలుసు, అడవి గురించి ఏమనుకుంటున్నారు అని అడిగారు. మన భాషలో రిక్వైర్‌మెంట్స్ తీసుకున్నారన్నమాట. ఫీల్డు పనికి ఆ ఊళ్ల కుర్రాళ్లనే తీసుకున్నారు.

1984లో జూలలో పుట్టిన కోతుల్ని అడవిలో వదిలారు. మొదటి జట్టులో చాలావరకు బతకలేదు పాపం. సన్నటి కొమ్మ మీద నడవడం, తిండి వెతుక్కోవడం వాటికి తెలిస్తేగా! తర్వాత కొన్నాళ్లు తిండి అందిస్తూ, ఓపిగ్గా అలవాటు చేశారు. అలా 2000 దాకా దాదాపు 150 కోతుల్ని తెచ్చి, ఎక్కువగా ప్రైవేటు ఫారాల్లోనే వదిలారు. మీ అడవి నరక్కుండా ఉంచితే మా కోతులు మీ దగ్గరుంటాయి, ఇదీ ఒప్పందం. ‘మా ఫారంలో కోతులున్నాయి’ అని చెప్పుకోవడం రైతులకి గొప్పయింది. కొందరు తమ అడవిని శాశ్వత ప్రైవేటు రిజర్వుగా రాసిచ్చారు. 1990లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం భూమి వాళ్లదే, ఆ భాగానికి పన్ను ఉండదు, కానీ నరకడం కుదరదు.

భూసంస్కరణల కింద రిజర్వు పక్కన స్థిరపడిన పేద రైతులతో మొదట గొడవలే. తర్వాత వాళ్లకి చెట్లతో కలిపి పంటలు వేసే పద్ధతి నేర్పారు. స్థానిక కుటుంబాలు నర్సరీల్లో పెంచిన మొక్కలతోనే అడవి ముక్కల్ని కలిపే దారులు నాటారు. 2020లో హైవే మీద చెట్లతో ఒక వంతెన కూడా పూర్తయింది, కోతులు దాటడానికి!

2014లో ఈ కోతులు 3,700. పచ్చజ్వరం వచ్చి 2018కి 2,500కి పడిపోయాయి. 2023 లెక్కలో సుమారు 4,800. గండం పూర్తిగా గడవలేదు, ఇప్పటికీ అంతరించే ప్రమాదమున్న జాతే. అయినా 20 రియాల నోటు మీద దాని బొమ్మ ఉంది.

ఇదంతా చదివాక నాకొకటి గుచ్చుకుంది. ఆ రైతుల్ని బతిమాలారు, ఎందుకంటే వాళ్లకి పట్టాలున్నాయి. వాళ్లు ఒప్పుకోకపోతే పని జరగదు. మన నల్లమలలో చెంచులు తరతరాలుగా ఉన్నారు, కానీ అందరి చేతిలో కాగితం లేదు. అందుకే పులి పేరెత్తగానే పెంటలు ఖాళీ చేయించే మాట ముందొస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ కాగితం ఇస్తానంది. కాగితం చేతికొచ్చినవాడినే అడుగుతామంటే, అది అడగడం ఎలా అవుతుంది? అడవిలో అడుగుజాడ చూసి పులి ఎటెళ్లిందో చెప్పగలిగేది చెంచులే కదా. ముందు వాళ్ల గడప తొక్కాలి. మీరేమంటారు?