గడియారంతో ఆట

మొన్న శనివారం పొద్దున్నే మా అమ్మాయి, "అమ్మా, ఓ గంటసేపు మిక్సీ వెయ్యకు. నాకు పరీక్ష" అని గది తలుపు వేసుకుంది. గంట తర్వాత మొహం వేలాడేసుకుని బయటికొచ్చింది. ఏమయిందే అంటే, "ఆటలో టైమయిపోయిందమ్మా" అంది.

ఉద్యోగానికీ ఆటకీ ఏమిటి సంబంధం అంటారా? నేనూ అదే అడిగాను. కంపెనీలకి సలహాలు చెప్పి ఫీజు పుచ్చుకునే కంపెనీలున్నాయి కదా, కన్సల్టింగ్ కంపెనీలని. వాటిలో కొన్ని, ఇంటర్వ్యూకి పిలిచే ముందు కంప్యూటర్ మీద ఆట ఆడిస్తున్నాయి. మెకిన్సే వారు కొన్నేళ్ళు ఆడించిన ఒక ఆట ఇలా ఉండేది. మొక్కలూ జంతువులూ ఉన్న పెద్ద జాబితా ఇస్తారు. అందులోంచి 8 జీవాలని ఏరి, ఎవరి తిండికీ లోటు రాకుండా, ఎవరూ తుడిచిపెట్టుకు పోకుండా ఒకే చోట బతికించాలి. వ్యవధి 35 నిమిషాలు. చివరికి వచ్చిన జవాబే కాదు, మధ్యలో ఏం నొక్కారో, ఏ వరసలో ఆలోచించారో కూడా కంప్యూటరు గమనిస్తుంది.

మా పిల్ల రాసిందీ అలాంటిదే. మొదటి ఘట్టంలోనే నిక్కచ్చిగా తేల్చాలని కూర్చుందట. తేల్చేసరికి రెండోదానికి వ్యవధి లేదు.

దాని బాధ దానిది, నా సందేహం నాది. ఆట ఆడించి మనిషిని తూచే బుద్ధి ఎవరికి పుట్టింది?

ఆటలో గడియారం పెట్టడం పాత సంగతే. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు, తండ్రి మొదలుపెట్టిన యుద్ధపు ఆటకి మెరుగులు దిద్దాడు. దేశపటం, చిన్న చిన్న దిమ్మలు, పాచికలు. ఒక్కో ఎత్తు 2 నిమిషాల కాలంతో సమానం. ఆ 2 నిమిషాల్లో సైనికుడు ఎంత దూరం నడవగలడో, దిమ్మ అంతే జరగాలి. అయితే అది అధికారులకి తర్ఫీదు. ఎంపిక కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పద్ధతిని ఎంపికలోనూ వాడారు. ఒక్క ఇంటర్వ్యూతో అధికారుల్ని తీసుకుంటే సరిపోవడం లేదని, 1942లో బ్రిటిష్ సైన్యం అభ్యర్థులని కొన్ని రోజులు ఒకచోట ఉంచి, నాయకుడు లేని జట్లకి పనులు అప్పగించి, ఎవరేం చేస్తారో చూసింది. మరుసటి ఏడే ఆ పద్ధతి మన డెహ్రాడూన్ చేరింది. ఈనాటికీ మన సైన్యంలో అధికారులు కావాలనుకునే పిల్లలు 60 మాటలకి, ఒక్కోదానికి 15 సెకన్లలో, తోచింది రాయాలి.

కంపెనీల సంగతి వేరు. 1957లో ఫ్రెడరిక్సన్, సాండర్స్, బార్బరా వాండ్ అనే ముగ్గురు అమెరికాలో ఒక పరీక్షని వివరించారు. అధికారి బల్ల మీది కాగితాల బుట్ట అభ్యర్థి ముందు పెడతారు. అందులో ఉత్తరాలు, ఫిర్యాదులు, ఆహ్వానాలు. దేనికి తనే జవాబు రాయాలి, దేన్ని ఇంకొకరికి అప్పగించాలి, దేన్ని పక్కన పెట్టాలి? అడుగునున్న కాగితం చదివేసరికి, పైదానికి రాసిన జవాబు మార్చుకోవలసి రావచ్చు. అక్కడి బెల్ టెలిఫోన్ కంపెనీల్లో 1956లో మొదలైన పరిశీలనలో ఇదీ ఒక భాగం. 25 కాగితాలు, 3 గంటలు.

చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మన పొద్దుటి పూటే కదూ ఇది! పాలు పొంగుతుంటాయి, పంపు ఆగిపోయే వేళవుతుంది, పిల్లాడికి సాక్సు ఒకటే దొరుకుతుంది, అత్తగారికి మాత్ర వెయ్యాలి. ఏది ఆలస్యమైతే సర్దుకోవచ్చో, ఏది సర్దుకోలేమో క్షణంలో తేల్చుకుంటాం.

తర్వాతి సంగతి చదివాక నవ్వు ఆగిపోయింది. ఆ పరిశీలనకి తీసుకున్నవాళ్ళు 422 మంది. అందరూ మగవాళ్ళే. ఆ కంపెనీల్లో స్విచ్‌బోర్డుల ముందు కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే అయినా, ఆ పరిశీలనలో బుట్ట మాత్రం వాళ్ళ ముందు పెట్టలేదు. 1973లో ప్రభుత్వంతో ఒడంబడిక కుదిరాక ఆడవాళ్ళనీ పెద్ద సంఖ్యలో ఇలా పరీక్షించారు.

నా ముందూ ఒకసారి గడియారం పెట్టారు. 1983లో ఒక బ్యాంకు గుమాస్తా పరీక్ష రాశాను. ఒక వడ్డీ లెక్క తేలలేదు. వదలబుద్ధి కాలేదు. చివరికి తేల్చాను కూడా! తర్వాత చూసుకుంటే 20 ప్రశ్నలు ముట్టుకోనేలేదు. ఉద్యోగం రాలేదు. ఆ లెక్కకి జవాబు నాకింకా గుర్తే.

ఒక్క లెక్క పట్టుకుని కూర్చునేవాళ్ళకీ లోకంలో పని ఉంటుందని నా నమ్మకం. అలాంటివాళ్ళు లేకపోతే బ్యాంకులో లెక్కలు కుదరవు. కానీ ఈ పరీక్ష అడిగేది అది కాదు. దేన్ని ఎంతలో వదలగలవు అని అడుగుతుంది.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. రాత్రి మళ్ళీ అభ్యాసానికి కూర్చుంది. ఈసారి ముందుగా ఒకే చోటికి నప్పని జీవాలని పక్కకి తోసి, తిండి లెక్క తర్వాత చూసి, ఆఖరి 5 నిమిషాలు సరిచూసుకోవడానికి అట్టేపెట్టుకుందట.

"జవాబు పూర్తిగా కరెక్టో కాదో తెలీదమ్మా. కానీ రెండూ చేశాను" అంది.

నేను మర్నాటికి పప్పు నానబోస్తూ, "మిక్సీ ఎప్పుడు వెయ్యాలో పొద్దున్న చెప్పు" అన్నాను.