ఎర్రకోట్లలో ఎవరున్నారు?

పల్లకీలో ఒక తెల్లదొర. నోట్లో వేలు. చుట్టూ ఎర్రకోట్ల సిపాయిలు. మధ్యలో పేలుతున్న మందుగుండు బండి. చిన్నప్పుడు మా అబ్బా ఏదో ఉర్దూ పత్రికలో చూపించిన బొమ్మ నాకింతే గుర్తు. ఏ యుద్ధమో తెలీదు. మావాడు బడిలో ప్రదర్శనకి మట్టిబొమ్మలతో యుద్ధరంగం చేస్తానన్నప్పుడు ఆ బొమ్మే కళ్లముందు మెదిలింది. వెతకడం మొదలెట్టాను.

శ్రీరంగపట్నంలో దొరికింది. టిప్పు 1784లో కట్టించిన దరియా దౌలత్ బాగ్, పడమటి గోడ. 1780 సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్ అలీ, టిప్పు కలిసి కర్నల్ బెయిలీ సేనని తుడిచిపెట్టిన యుద్ధం అది. కంచిలో ఉన్న హెక్టర్ మన్రో ఆదుకోలేదు. పెద్ద ఫిరంగుల్ని కోనేట్లో పడేసి మద్రాసుకి తిరుగుముఖం పట్టాడు. బెయిలీ 1782లో శ్రీరంగపట్నంలో ఖైదీగానే చనిపోయాడు. నోట్లో వేలు ఆయనదే. ఫార్సీలో ‘అంగుష్త్ బదందాఁ’ అంటారు. తెలుగులో ముక్కున వేలేసుకుంటాం, అంతే తేడా.

టిప్పుని చంపిన 1799 తర్వాత ఆ మహల్లో కాపురమున్న ఆర్థర్ వెల్లస్లీయే ఈ బొమ్మని బాగుచేయించాడు. డల్హౌసీ కాలంలో మళ్లీ రంగులు వేయించారు. కాగితాల మీద గీసిన ప్రతి ఒకటి 2022లో లండన్ వేలంలో 6,30,000 పౌండ్లు పలికింది. మన ఓటమినీ గెలుపునీ కూడా వాళ్లే భద్రం చేశారు, వాళ్లే అమ్ముకున్నారు.

నమూనా సగంలో ఉండగా చూసిన మాస్టారొకాయన ‘మీ రాజు గెలిచిన యుద్ధమా?’ అన్నాట్ట. ఆ ‘మీ’ నాకు కొత్త కాదు. మావాడికి కొత్త. ఇంటికొచ్చి అడిగాడు: ‘అబ్బా, ఇందులో మనవాళ్లెవరు?’

ఏం చెప్పను? బెయిలీ సేన బయల్దేరింది మన గుంటూరు నుంచి. ఆ ఎర్రకోట్లలో ఎక్కువమంది దేశీ సిపాయిలే. కంపెనీ సిపాయికి ఉర్దూలో ‘తిలంగా’ అనే పేరుండేది. మన నేల పేరే! అటు టిప్పు కొలువులోనేమో పూర్ణయ్య ఉన్నాడు, ఫ్రెంచి లాలీ ఉన్నాడు. ‘మీ’ గీత ఎక్కడ గీయాలి?

మావాడు ఎర్రకోట్ల బొమ్మల మొహాలన్నిటికీ తెల్లరంగు పూశాడు. చాలావాటికి తుడిచేసి, మన రంగు పూయమన్నాను. కింద అట్టముక్క మీద ఇద్దరం కలిసి రాశాం: పొల్లిలూరు, 1780. గుంటూరు నుంచి నడిచొచ్చినవాళ్లు ఇక్కడ చనిపోయారు.