ఉల్లిపాయ, ఉల్లిగడ్డ

మన ఏ.ఎస్. రావు నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో. కాశీలోనూ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, బొంబాయిలో హోమీ భాభా దగ్గర పనిచేసి, 1967లో ఏర్పడిన ఈసీఐఎల్‌కు సారథిగా ఇక్కడికి వచ్చారు. ఆ సంస్థ ఉద్యోగుల కోసం వెలసిన కాలనీ మనది.

ఆయనలాగే మన పెద్దల్లో చాలామంది ఊరు వదిలి వచ్చినవాళ్లే. భాష తెలుగే అయినా బెంగ తప్పలేదు. బంగాళాదుంపలు అడిగితే కొట్టాయన “ఆలుగడ్డలా?” అనేవాడు. బోనాలు, బతుకమ్మ కొత్త. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తరువాత, ‘మనం ఎక్కడివాళ్లం?’ అన్న ప్రశ్న ఇళ్లలో మిగిలిపోయింది.

అయితే ఈ చరిత్ర వలస వచ్చినవారిది మాత్రమే కాదు. మనతో చదివిన తెలంగాణ పిల్లలు ఇల్లు కదలకుండానే కొత్తవాళ్లయ్యారు. ఇంట్లో ఉల్లిగడ్డ, పాఠంలో ఉల్లిపాయ. అమ్మ దగ్గర నేర్చిన మాటకు తరగతిలో నవ్వులు. 1969లో ఉద్యోగ రక్షణల కోసం లేచిన గొంతులో ఈ నొప్పి కూడా ఉందని నా నమ్మకం.

సంక్రాంతికి మా అరిసెలు పక్కింటికీ, వాళ్ల సకినాలు మా ఇంటికీ వచ్చాకే మా అమ్మ బెంగ తగ్గింది. ఇప్పుడు మనలో ఎందరో అమెరికాలో ఉన్నారు. అక్కడ మన యాసకు ఎవరైనా నవ్వితే, ఆనాటి మన తోటి విద్యార్థిని తలచుకుందాం.