దేహోష్ణపు జమాఖర్చులు

రోహిణికార్తెలో రోళ్ళు పగులునని మన సామెత. ఆ దినములలో తెనాలి పెంకుటిండ్లలోను, బాపట్ల మిద్దెలలోను, రేపల్లె పాకలలోను కూర్చున్నవారు గోడలు సెగలు గ్రక్కుచున్నవందురు. ఈ మాట అతిశయోక్తి కాదు. ఆ సెగను అంకెలలో పెట్టిన చరిత్రను కొంచెము పరికింతము.

ఊరక కూర్చున్న మనిషి దేహమున సుమారు 100 వాట్ల వేడి పుట్టుచుండును. అది ఎప్పటికప్పుడు వెలికి పోవలయును. గాలి సోకుటచే కొంత, చెమట ఆరుటచే కొంత, చుట్టునున్న వస్తువులకు వికిరణముగా కొంత పోవును.

చెమట మహిమను ముందు గుర్తించిరి. 1774లో లండనులో ఛార్లెస్ బ్లాగ్డెన్ మిత్రులతో కూడి, నీరు మరుగు వేడిని మించిన పొడిగదిలో కొన్ని నిమిషములు నిలిచి క్షేమముగా వెలువడెను. అదే గదిలో తెరచి యుంచిన నీరు మరుగలేదు. ఆవిరి పోకుండ పైపొర కప్పిన నీరు మరిగెను.

వికిరణపు లెక్క తరువాత వచ్చినది. అది పరమోష్ణోగ్రత యొక్క నాలుగవ ఘాతము ననుసరించి పెరుగునని వియన్నాలో యోసెఫ్ స్టెఫాన్ 1879లో కనుగొనెను. శిష్యుడు బోల్ట్‌జ్మన్ 1884లో దానిని సిద్ధాంతరీత్యా స్థాపించెను. ఎత్తు, బరువులనుండి చర్మవైశాల్యము తెలిసికొను సూత్రమును 1916లో అమెరికాలో డుబోయ్ ద్వయము రచించెను. చర్మము ఏ రంగుదైనను ఈ వికిరణమున భేదము లేదని 1934లో న్యూయార్కున జేమ్స్ హార్డీ కొలిచి చూపెను.

ఇప్పుడు మనము లెక్క వేయుదము. చర్మవైశాల్యము 1.7 చదరపు మీటర్లు, చర్మము 33 డిగ్రీలు, గోడలు 25 డిగ్రీలు అనుకొందము. బట్ట లేని దేహమునుండి సుమారు 80 వాట్లు వెలికి పోవును. కాళ్ళుచేతులు ఒకదానికొకటి ఎదురుగా నుండుటచే నిజమునకు కొంత తగ్గును. గోడలు, పైకప్పు 45 డిగ్రీలకు కాగి, చర్మము 35 డిగ్రీలైనచో లెక్క తలక్రిందులగును: అదే పద్ధతిని సుమారు 115 వాట్లు లోనికే వచ్చును. ఖర్చు జమయైనది!

అప్పుడు మిగులు దారి చెమట యొక్కటే. సముద్రపు తేమ నిండిన బాపట్ల, రేపల్లె ప్రాంతములలో అది ఆరదు. బ్లాగ్డెన్ కప్పి యుంచిన నీటివలె దేహము కాగును. ఉక్కపోత యనగా నిదియే. 2003లోను, 2015లోను తెలుగునాట వడగాడ్పులు వేలాది ప్రాణములను బలిగొన్నవి. వారిలో ఎండలో పాటుపడు కూలీలు, వృద్ధులు ఎందరో.

కావున కప్పుపై సున్నము పూయుట, తడిబట్టతో ఒడలు తుడుచుట, మిట్టమధ్యాహ్నము పనివారికి నీడ, నీరు ఇచ్చుట కేవలము సుఖము కొరకు కావు. ఈ జమాఖర్చులలో దేహమును అప్పులపాలు గాకుండ కాపాడు ఉపాయములు.