రేడియేటర్లో కాఫీ

పోయిన నెల ఓ పొద్దున్నే మా పాత డీజిల్ కారు కూలెంట్ డబ్బా మూత తీసి చూద్దును కదా, లోపల పాలెక్కువైన కాఫీలా చిక్కగా ఏదో తేలుతోంది. మెకానిక్ ఒక్క చూపు చూసి "హెడ్ గాస్కెట్ పోయింది సార్, హెడ్ దించాల్సిందే" అనేశాడు. అతను చెప్పిన ఖర్చు వింటే కళ్లు తిరిగాయి. లాగ్ ఫైలు తెరవకుండానే "సర్వర్ మార్చేద్దాం" అనేవాళ్లు గుర్తొచ్చారు నాకు.

అసలు నూనె, నీళ్లు ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఎందుకున్నాయి? కొంచెం వెనక్కి వెళ్లాలి.

1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో ఈ గొడవే లేదు. నీళ్లు మరిగి ఆవిరైపోయేవి, మళ్లీ పోసుకోవడమే. నూనె చుక్కచుక్కగా పడి, పని చేసి, కారిపోయేది. 1900-01లో విల్‌హెల్మ్ మైబాక్ మెర్సిడెస్ కారుకి 8,070 చిన్న గొట్టాలతో తేనెపట్టు లాంటి రేడియేటర్ చేశాడు. ఇక కొద్దిపాటి నీళ్లనే తిప్పి తిప్పి వాడుకోవచ్చు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ఇంజన్‌కి హెడ్ విడిగా ఊడొచ్చేది. రిపేరుకి సుఖమే, కానీ హెడ్డుకీ బ్లాకుకీ నడుమ గాస్కెట్ కావాలి. తర్వాతి ఇంజన్లలో నూనెని కూడా పంపుతో ఒత్తిడి పెట్టి తోయడం మామూలైపోయింది. దాంతో ఆ గాస్కెట్ మీద ఒక పక్క నూనె, ఒక పక్క నీళ్లు, నడుమ మంట! ఆపైన ఆయిల్ కూలర్ వచ్చింది. పల్చటి రేకుకి ఇటు నూనె, అటు కూలెంట్.

అంటే గోడ ఒకటి కాదు. కాబట్టి అడగాల్సింది "ఏ గోడ పడింది?" అని.

దానికి ఆధారాలున్నాయి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు నూనె ఒత్తిడి మూడు నాలుగు బార్ దాకా ఉంటుంది, కూలెంట్‌ది ఒక బార్ చిల్లర. అందుకే ఆయిల్ కూలర్ లీకైతే ముందు నూనే నీళ్లలోకి వస్తుంది. గాస్కెట్ పోతే చాలాసార్లు కూలెంట్‌లో బుడగలు, తెల్ల పొగ, డిప్‌స్టిక్ మీద మీగడ కనిపిస్తాయి. మంట తాలూకు గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందా అన్నది నీలిరంగు ద్రవంతో తేల్చెయ్యొచ్చు. గ్యాస్ ఉంటే రంగు మారుతుంది. ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్స్ నూనెని రేడియేటర్లోనే చల్లబరిచే రకమైతే నురగ గులాబీ రంగులో ఉంటుంది.

మా కారు డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంది. బుడగల్లేవు. నీలం నీలంగానే ఉంది. ఆయిల్ కూలర్ విప్పించి, గాలి పట్టించి, పంక్చర్ షాపువాడు ట్యూబు ముంచినట్టు తొట్లో ముంచితే బుడబుడమంది! కూలర్ మార్చి, నాలుగుసార్లు కడిగించి, నూనె తగిలి ఉబ్బిన రబ్బరు గొట్టాలు కూడా మార్పించాం. హెడ్ దించే పనే పడలేదు.

మెకానిక్‌ని తప్పుపట్టను. అతను పని నేర్చుకున్న బళ్లలో ఆయిల్ కూలరే ఉండేది కాదట. చరిత్ర తెలుసుకుంటే ఏమొస్తుందని ఎవరైనా అడిగితే మాత్రం, ఇకమీద ఈ బిల్లు చూపిస్తాను.