పరిచయం నుంచి గ్రూపు దాకా: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల భూ మధ్యవర్తిత్వం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందిన తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో స్థిరాస్తి మధ్యవర్తులు కొనుగోలుదారులను వెతుక్కునే పద్ధతి 2014 తరువాత వేగంగా మారింది. వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ పేజీలు, యూట్యూబ్ వీడియోలు ఆ మార్పుకు సాధనాలయ్యాయి. ఈ మార్పును పందొమ్మిదో శతాబ్ది మధ్య నుంచి సాగుతున్న భూమి క్రయవిక్రయాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొనుగోలుదారు సరిచూసుకోవలసిన వివరమే మధ్యవర్తి దాచుకోవలసిన వివరం కావడం ఈ విపణిలోని ప్రధాన వైరుధ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కృష్ణా డెల్టా, మధ్యవర్తి, దస్తావేజు, సామాజిక మాధ్యమం, రెరా, సర్వే నంబరు.

1. నేల సరుకైన తీరు

బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని కాలువల నీరు పశ్చిమ డెల్టాకు చేరిన తరువాతే ఈ ప్రాంతపు నేలకు స్థిరమైన మారకపు విలువ ఏర్పడింది. రైత్వారీ పద్ధతిలో పట్టా రైతు పేరున ఉండేది కనుక దాన్ని తాకట్టు పెట్టడానికీ, అమ్ముకోవడానికీ అతడికి వీలుండేది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజును తప్పనిసరి చేసింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆ దస్తావేజులను నమోదు చేసి భద్రపరిచే పద్ధతిని క్రోడీకరించింది. ఈ రెంటికీ మధ్య మద్రాసు రైలు మార్గం తెనాలి, బాపట్లల మీదుగా వెళ్లింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. తెనాలి నుంచి రేపల్లెకు శాఖా మార్గం ఆ తరువాత వచ్చింది.

చట్టం అమ్మకాన్ని కాగితం మీదికి తెచ్చింది గాని, కొనేవాడినీ అమ్మేవాడినీ కలిపే పని కాగితానికి అందలేదు. పొలం అమ్మకానికి వస్తే మొదట తెలిసేది గట్టు పక్క రైతుకు, ఆ తరువాత జ్ఞాతులకు. ఊరి పెద్దమనిషి ధర తెంచేవాడు, బయానా ఇప్పించేవాడు. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణముందో, ఎవరి అనుభవంలో ఉందో కరణానికి తెలుసు. ఎవరు అప్పులో ఉన్నారో, ఎవరి ఇంట ఆడపిల్ల పెళ్లి దగ్గర పడిందో కూడా ఆయనకు తెలియకుండా ఉండేది కాదు. భూమి విపణిలో ఈ రెండో రకం సమాచారానికే ఎక్కువ విలువ. ఎవరికి డబ్బు అవసరమో ముందుగా తెలిసినవాడిదే బేరం.

1984లో రాష్ట్ర ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. ఈ చర్యను పాలనా చరిత్రలో భాగంగానే సాధారణంగా చర్చిస్తారు. భూ మధ్యవర్తిత్వ చరిత్రలోనూ దానికి చోటుందని భావించవచ్చు. రికార్డూ ఊరి సంగతులూ ఒకే మనిషి దగ్గర ఉండే స్థితి అంతటితో ముగిసింది. రికార్డు మండల కార్యాలయానికి వెళ్లింది. ఊరి సంగతులు పట్టణంలో రిజిస్ట్రారు కార్యాలయం ఎదుటి టీ బంకు దగ్గరికీ, దస్తావేజు లేఖరి అరుగు మీదికీ చేరాయి. అక్కడ కూర్చునే ‘బ్రోకరు’ ఏ పదవీ లేని మనిషి. పరిచయాలే అతడి పెట్టుబడి.

2. కొనేవాడు దూరమైన కాలం

డెల్టాలోని సంపన్న వ్యవసాయ కుటుంబాలు సేద్యపు మిగులును పట్టణాల్లోని వ్యాపారాలకూ ఆస్తులకూ మళ్లించిన తీరును కెరోల్ ఉపాధ్య 1988లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వెలువడిన వ్యాసంలో వివరించారు. ఆ కుటుంబాల తరువాతి తరం వైద్యులుగా, ఇంజనీర్లుగా హైదరాబాదుకూ అమెరికాకూ తరలింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం 1977లోనే ఏర్పడిందంటే ఆ వలస అప్పటికే ఎంత కుదురుకున్నదో ఊహించవచ్చు. భూమి విపణి దృష్టితో చూస్తే దీని పర్యవసానం ఒక్కటే. డబ్బున్న కొనుగోలుదారు ఊళ్లో లేడు. కొన్నా వచ్చి సేద్యం చేయడు. అతడికి కావలసింది ధర పెరిగే నేల, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి.

ఆ మనిషి సాధారణంగా బాబాయో మేనమామో బావమరిదో అయ్యేవాడు. బ్రోకరు కొనుగోలుదారుతో కాక ఈ బంధువుతో మాట్లాడేవాడు. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973 నాటి ప్రసిద్ధ వ్యాసంలో, కొత్త సమాచారం దగ్గరి బంధాల కంటె ముఖపరిచయాల ద్వారానే ఎక్కువగా అందుతుందని వాదించారు. డెల్టా అనుభవం ఈ వాదానికి ఒక సవరణ సూచిస్తుంది. అమ్మకానికి నేల ఉన్నదన్న వార్త ముఖపరిచయం ద్వారా రావచ్చు. బయానా సొమ్ము మాత్రం దగ్గరి బంధువు చేతి మీదుగానే కదిలింది. సామాజిక మాధ్యమం వచ్చాక వీటిలో మొదటిది ఎన్నో రెట్లు విస్తరించింది. రెండోది పెద్దగా మారలేదు.

3. రాజధాని వార్తా, చౌక డేటా

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగింది. రాజధాని విజయవాడ పరిసరాల్లో ఉంటుందని ముఖ్యమంత్రి సెప్టెంబరు 4న శాసనసభలో ప్రకటించారు. డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం వచ్చింది. తెనాలి ఆ ప్రాంత పరిధిలోకి చేరింది. 2015లో 29 గ్రామాల్లో భూసమీకరణ సాగింది, అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. సరిగ్గా ఈ కాలంలోనే ఫోను స్వభావం కూడా మారింది. 2014 చివర 100 మందికి పరిమితమైన వాట్సాప్ గ్రూపు 2016లో 256 మందికి పెరిగింది. అదే ఏడాది సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా చౌకైంది. 2022లో గ్రూపు పరిమితి మొదట 512కు, తరువాత 1024కు చేరింది.

ఈ రెండు పరిణామాలకూ కార్యకారణ సంబంధం లేదు. అయితే రెండూ ఒకేసారి రావడం వల్ల తెనాలి బ్రోకరు పనితీరు మారింది. అంతకు ముందు పదిమందికి చెప్పవలసిన మాటకు పది గడపలు తొక్కేవాడు. ఇప్పుడు ఒక్క సందేశం డల్లాస్‌లో ఉన్నవారికీ దుగ్గిరాలలో ఉన్నవారికీ ఒకే క్షణంలో అందుతుంది. బ్రోకరు లెక్కలో ఊరి పదోతరగతి బ్యాచ్ గ్రూపు, కులసంఘం గ్రూపు, కాలేజీ పూర్వవిద్యార్థుల గ్రూపు, అపార్టుమెంటు నివాసుల గ్రూపు అన్నీ కొనుగోలుదారుల జాబితాలే. వాటిలో ప్రవేశం దొరకాలంటే మళ్లీ పాత పరిచయమే కావాలి. సాధనం కొత్తదే గాని, అందులోకి తీసుకుపోయే దారి పాతది.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ఆలోచన వెల్లడైనప్పుడూ, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చినప్పుడూ, 2024లో ప్రభుత్వం మారినప్పుడూ ప్రకటనల స్వరం మారింది. ‘రాజధానికి దగ్గర’ అన్న మాట కొన్నాళ్లు మాయమై తిరిగి వచ్చింది. దూరాన్ని మైళ్లలో కాక నిమిషాల్లో చెప్పే అలవాటు మాత్రం అన్ని కాలాల్లోనూ నిలిచింది. ఆ నిమిషాలు ఏ వేళకు, ఏ వాహనానికి అన్నది ఏ ప్రకటనా చెప్పదు.

4. సందేశం నిర్మాణం

ఈ ప్రకటనలకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది. ‘మంచి బిట్’, ‘తూర్పు ముఖం’, ‘200 గజాలు’, ‘క్లియర్ టైటిల్’, ‘అర్జంట్ సేల్’, ‘డైరెక్ట్ పార్టీ’ అన్న మాటలు దాదాపు ప్రతి సందేశంలోనూ కనిపిస్తాయి. ‘మీడియేటర్లు ఫోన్ చేయవద్దు’ అనేది చాలాసార్లు మధ్యవర్తి రాసే వాక్యమే. ఫేస్‌బుక్ పేజీల్లో ధర అడిగినవారికి ఇన్‌బాక్సుకు రమ్మని జవాబు వస్తుంది. యూట్యూబ్ వీడియోలో మధ్యవర్తి రోడ్డు మీద నుంచి నడుచుకుంటూ స్థలంలోకి వచ్చి నాలుగు మూలలూ చూపిస్తాడు; వెంచరు పెద్దదైతే డ్రోను దృశ్యాలు కలుస్తాయి.

వీటన్నిటిలోనూ కనిపించని అంశం సర్వే నంబరు. దీనికి కారణం మధ్యవర్తి అశ్రద్ధ కాదు. 2015 నుంచి ‘మీభూమి’ వెబ్‌సైటులో అడంగల్, 1బి వివరాలు ఎవరైనా చూడవచ్చు. సర్వే నంబరు బయటపెడితే ఆసక్తి గల కొనుగోలుదారు పట్టాదారు పేరు తెలుసుకుని నేరుగా అతడి ఇంటికి వెళ్లగలడు, కమీషను పోతుంది. కాబట్టి ప్రకటన ఎంత విశాలంగా వ్యాపిస్తే, నేల ఆచూకీని అంత జాగ్రత్తగా దాచవలసి వస్తుంది. స్థలం నిషేధిత జాబితాలో ఉన్నదా, ఈసీలో పాత తాకట్టు కనిపిస్తున్నదా, వ్యవసాయేతర వినియోగానికి మార్పిడి జరిగిందా అని తేల్చుకోవడానికి కావలసినది సరిగ్గా ఆ ఆచూకీయే. నాణ్యతను సరిచూసుకోలేని విపణిలో మంచి సరుకు వెనక్కు తగ్గుతుందని జార్జ్ అకెర్‌లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపారు. కార్ల అమ్మకందారు లోపాన్ని దాచుతాడు. ఇక్కడ మధ్యవర్తి ఏ లోపమూ లేని స్థలం ఆచూకీని కూడా దాచక తప్పదు. అందువల్ల నిజాయతీపరుడి సందేశానికీ మోసగాడి సందేశానికీ పైకి తేడా కనిపించదు.

ఒకే స్థలం నాలుగు గ్రూపుల్లో నాలుగు ధరలతో తిరగడం దీని మరో ఫలితం. యజమానికి తెలిసిన మధ్యవర్తి ఒకడే. అతడి సందేశాన్ని అందుకున్నవాడు తన వాటా కలిపి ముందుకు పంపుతాడు. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ 2018లో భారతదేశంలో పరిమితి విధించింది. అది వదంతుల నివారణకు ఉద్దేశించిన చర్య. స్థలాల ప్రకటనలను అది పెద్దగా ఆపలేదు. తన ధర కలిపి కొత్తగా టైపు చేసినవాడికి ఆ పరిమితి వర్తించదు.

5. మూడు ఊళ్లు

ఈ పద్ధతి మూడు చోట్లా ఒకే తీరున లేదు. తెనాలిలో ప్రధాన సరుకు ఇళ్ల స్థలాలూ ఫ్లాట్లూ; గుంటూరు, విజయవాడలకు రోజూ వెళ్లివచ్చే ఉద్యోగి ఇక్కడి ఊహా కొనుగోలుదారు. బాపట్ల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. ‘కలెక్టరేటుకు దగ్గర’ అన్న పదబంధం అప్పటి ప్రకటనలకు కొత్త ఆయుధమైంది. సూర్యలంక తీరం వైపు రిసార్టు స్థలాల ప్రకటనలు మరో వర్గం. తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలూ, అసైన్డు భూముల బదిలీని నిషేధించిన 1977 నాటి చట్టమూ పరిశీలించవలసిన నేలలు అక్కడ ఉన్నాయి. ఆ ప్రకటనల్లో మాత్రం అలల చప్పుడే వినిపిస్తుంది.

రేపల్లె డెల్టా చివరి ఊరు. అక్కడ గజాల కంటె ఎకరాల లెక్కే ఎక్కువ: మాగాణి, చేపల, రొయ్యల చెరువులు, వాటి లీజులు. 216వ జాతీయ రహదారీ, కృష్ణపై పెనుమూడి–పులిగడ్డ వంతెనా ఆ ప్రాంతాన్ని దివిసీమకు కలిపాక రోడ్డు పక్క పొలానికి వేరే గిరాకీ వచ్చింది. అయినా చెరువు కొనేవాడు వీడియో చూసి కొనడు. నీటి ఉప్పదనం, కరెంటు లైను, మురుగు కాలువ చూసుకోవాలి కనుక ఇక్కడ ఫోను పరిచయం చేయడంతోనే ఆగుతుంది.

మూడు చోట్లా ప్రకటనలో కనిపించని మనిషి ఒకడున్నాడు. డెల్టా సేద్యంలో అధికభాగం కౌలుదారులదే. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చి పదకొండు నెలల సాగు ఒప్పందానికి పత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. ప్రకటనలో ఆ పొలం ‘వెంటనే స్వాధీనం’ కాగల నేల మాత్రమే. పాత పద్ధతిలో అమ్మకం వార్త మొదట గట్టు పక్కకు చేరేది. దున్నేవాడి చెవిన కూడా పడేది. ఇప్పుడు అది అమెరికాకు ముందు వెళ్లి, తెల్లరాళ్లు పాతిననాడు పొలానికి రావచ్చు.

6. చట్టం చేరిన మేర

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం మధ్యవర్తిని తొలిసారి స్పష్టంగా నిర్వచించింది. ‘ఏ మాధ్యమం ద్వారానైనా’ కొనుగోలుదారులనూ అమ్మకందారులనూ పరిచయం చేసేవారందరూ, వారిని ఏ పేరుతో పిలిచినా, ఆ నిర్వచనంలోకి వస్తారు. వాట్సాప్ పేరు లేకపోయినా దానికి చోటిచ్చిన మాట ఇది. నమోదు లేని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వరాదని 3వ సెక్షను, నమోదు లేని ఏజెంటు నమోదైన ప్రాజెక్టులో అమ్మకం కుదర్చరాదని 9వ సెక్షను చెబుతాయి. ప్రకటనలోని అబద్ధాన్ని నమ్మి నష్టపోయినవారికి 12వ సెక్షను పరిహారం కల్పిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నియమావళి 2017లో వచ్చింది.

అయితే 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు, మించని నేలలోని ప్రాజెక్టుకు నమోదు అక్కర లేదు. ఒక వ్యక్తి తన స్థలాన్ని తిరిగి అమ్ముకోవడమూ, పొలాన్ని పొలంగా అమ్మడమూ ఈ చట్టం చూపులో ప్రాజెక్టులు కావు. ఇలాంటి చిన్న ఊళ్ల గ్రూపుల్లో తిరిగేది ముఖ్యంగా ఇవే. వెంచరు ప్రకటనలో నమోదు సంఖ్య ఉన్నదా అని చూసే కొనుగోలుదారు పెరుగుతున్నాడు. విడి స్థలానికి అలా అడగడానికి సంఖ్యే లేదు. దూరదేశంలో ఉన్నవారు జీపీఏ మీద కొనుగోలు ముగించే అలవాటుకు 2011లో సుప్రీంకోర్టు సూరజ్ లాంప్ కేసులో అడ్డు చెప్పింది. జీపీఏ అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని స్పష్టం చేసింది. కనుక చివరికి అందరూ రిజిస్ట్రారు ఎదుటికి రావలసిందే.

అక్కడే చరిత్ర పరిశోధకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. రిజిస్ట్రేషన్ కార్యాలయపు 1వ పుస్తకంలో అమ్మినవారు, కొన్నవారు, చెక్కుబందీ, సాక్షులు, రాసిన లేఖరి అందరూ ఉంటారు. ఇండెక్సులు చూసి నూరేళ్ల నాటి అమ్మకాన్ని కూడా వెతకవచ్చు. బేరం కుదిర్చినవాడు మధ్యవర్తిగా అందులో ఎన్నడూ లేడు. ఎప్పుడైనా సాక్షి సంతకంగా మిగిలి ఉంటాడు. గడిచిన పదేళ్లలో అతడు మొదటిసారి విస్తారంగా రాశాడు: అడిగిన ధర, తగ్గించిన ధర, ఇచ్చిన హామీ, పెట్టిన ఫోటో. దస్తావేజులోని విలువకూ నిజంగా చేతులు మారిన సొమ్ముకూ మధ్య తేడాను చూపగల ఆధారం అదే. అది ఏ కార్యాలయంలోనూ లేదు. స్థలం అమ్ముడుపోగానే సందేశం తొలగిస్తారు, ఫోను మారిస్తే గ్రూపు చరిత్ర పోతుంది. ఈ మూడు ఊళ్ల భూమి ధరల చరిత్ర రాయదలచినవారు 1920ల అమ్మకాలకు దస్తావేజు నకలు తెచ్చుకోగలరు. 2016 నాటి బేరసారాలకు మాత్రం ఆనాటి మధ్యవర్తులు ఫోన్లు మార్చకముందే వారిని కలవవలసి ఉంటుంది.