తీగ నుంచి విముక్తి: కార్డ్‌లెస్ ఇంపాక్ట్ డ్రైవర్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- విద్యుత్ పనిముట్ల వికాసంలోని ముఖ్య దశలను పేర్కొనగలుగుతారు.
- ఇంపాక్ట్ డ్రైవర్ పనిచేసే తీరును వివరించగలుగుతారు.
- ఒక ఆవిష్కరణ గురించి ప్రచారంలో ఉన్న కథనాన్ని కాలక్రమం ఆధారంగా పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

తలుపు బందులు బిగించే వడ్రంగి చేతిలో, అలమరాలు అమర్చే పనివారి చేతిలో కరెంటు తీగ లేని చిన్న యంత్రాన్ని మీరు చూసి ఉంటారు. మీట నొక్కగానే టకటకమని చప్పుడు చేస్తూ స్క్రూను క్షణాల్లో దింపుతుంది. అదే ఇంపాక్ట్ డ్రైవర్. ఇలాంటి తీగలేని పనిముట్లను అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కనిపెట్టిందని చాలామంది నమ్ముతారు. ఇది ఎంతవరకు నిజం? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పాఠాన్ని చదవండి.

2. తీగతో పనిచేసిన కాలం

1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆర్థర్ ఆర్నాట్, విలియం బ్రెయిన్ విద్యుత్ డ్రిల్లుకు పేటెంటు పొందారు. 1895లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌కు చెందిన ఫైన్ సంస్థ చేతితో పట్టుకొని వాడే విద్యుత్ డ్రిల్లును తయారుచేసింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1910లో మొదలైన బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ, పిస్తోలు వంటి పిడి, వేలితో నొక్కే మీట ఉన్న డ్రిల్లుకు 1917లో పేటెంటు పొందింది. నేటి పనిముట్ల ఆకారానికి మూలం ఇదే. 1946లో అదే సంస్థ గృహ వినియోగానికి డ్రిల్లులను విడుదల చేసింది. అయితే ఇవన్నీ తీగ చేరినంత దూరమే పనిచేసేవి. కరెంటు లేని చోట పనివాడికి చేతి బరమాయే దిక్కు.

3. నాసా కథనం: ఒక పరిశీలన

నికెల్-కాడ్మియం బ్యాటరీతో నడిచే తీగలేని డ్రిల్లును బ్లాక్ అండ్ డెక్కర్ 1961లో ప్రవేశపెట్టింది. నాసా పనుల కోసం ఆ సంస్థ పరికరాలు రూపొందించడం ఆ తర్వాతి మాట. చంద్రుడి నేలలో రంధ్రం చేసి నమూనాలు తీసిన బ్యాటరీ డ్రిల్లును 1971లో అపోలో 15 యాత్రలో వాడారు. అంటే పనిముట్టు ముందు పుట్టింది, చంద్రయాత్ర తర్వాత జరిగింది. తీగలేని పనిముట్లను తాను కనిపెట్టలేదని నాసా కూడా స్పష్టం చేసింది.

అలాగని నాసా పాత్ర శూన్యమని అనుకోరాదు. తక్కువ విద్యుత్తుతో మోటారును నడపడానికి చంద్ర డ్రిల్లు కోసం జరిగిన కృషి, తర్వాతి గృహోపకరణాలకు ఉపయోగపడింది. 'కనిపెట్టడం' వేరు, 'మెరుగుపరచడం' వేరు అని మీరు గమనించాలి.

4. దెబ్బలో దాగిన బలం

మామూలు డ్రిల్లు స్క్రూను తిప్పుతుంటే, స్క్రూ బిగుసుకున్నప్పుడు ఆ ఎదురు బలం మన మణికట్టు మీద పడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ లోపల ఒక స్ప్రింగు, ఒక సుత్తి, ఆ సుత్తి దెబ్బను అందుకొనే ఒక దాగలి ఉంటాయి. స్క్రూ సులువుగా తిరుగుతున్నంతసేపు మూడూ కలిసే తిరుగుతాయి. ఎదురు బలం పెరిగితే సుత్తి స్ప్రింగును నొక్కుతూ వెనక్కి జారి, మళ్లీ ముందుకు దూకి దాగలిని పక్కనుంచి కొడుతుంది. ఇలా నిమిషానికి వేల దెబ్బలు పడతాయి. దెబ్బ బలం స్క్రూకు చేరుతుంది, మణికట్టుకు మాత్రం మెలి తక్కువగా తగులుతుంది. చప్పుడు ఎక్కువ కాబట్టి చెవులకు రక్షణ అవసరం.

5. చిన్నది ఎలా అయింది?

నికెల్-కాడ్మియం ఘటం ఒక్కొక్కటి 1.2 వోల్టులు ఇస్తుంది. 18 వోల్టులు కావాలంటే 15 ఘటాలు పేర్చాలి. లిథియం-అయాన్ ఘటం సుమారు 3.6 వోల్టులు ఇస్తుంది కనుక 5 ఘటాలు చాలు. సోనీ సంస్థ 1991లో ఈ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. 2003లో బాష్ సంస్థ దీనితో చిన్న స్క్రూడ్రైవర్‌ను, 2005లో జపాన్‌కు చెందిన మకీటా సంస్థ ఇంపాక్ట్ డ్రైవర్‌ను విడుదల చేశాయి. బ్రష్‌లు లేని మోటార్లు రావడంతో పనిముట్టు మరింత కురచైంది.

ఈ మార్పుకు చట్టం కూడా తోడైంది. కాడ్మియం విషపదార్థం. యూరోపియన్ యూనియన్ 2006లో చిన్న బ్యాటరీలలో దాని వాడకాన్ని నిషేధించినా, తీగలేని పనిముట్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు 2016 చివరితో ముగిసింది.

6. ముగింపు

తీగ పోయింది, కానీ కొత్త బంధం వచ్చింది. తీగ ఉన్న యంత్రాన్ని ఏ సంస్థది కొన్నా గోడలోని సాకెట్‌కే తగిలించేవారు. బ్యాటరీ మాత్రం సాధారణంగా ఆ సంస్థ పనిముట్లకే సరిపోతుంది. కాబట్టి మొదటి పనిముట్టు కొన్న పనివాడు తర్వాతివి కూడా అక్కడే కొనవలసి వస్తుంది. సాంకేతిక చరిత్రను చదివేటప్పుడు ఏది సులువైంది అన్నదానితో పాటు, ఎవరు ఎవరిపై ఆధారపడవలసి వచ్చింది అని కూడా అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నాసా కథనం సరికాదని కాలక్రమం ఎలా నిరూపిస్తుంది?
2. ఇంపాక్ట్ డ్రైవర్ వాడినప్పుడు మణికట్టుపై భారం ఎందుకు తగ్గుతుంది?
3. లిథియం-అయాన్ బ్యాటరీ రాకతో పనిముట్టు పరిమాణం ఎందుకు తగ్గింది?